తోక విసిరే కారుకు చికిత్స

1971 అక్టోబర్ 9న నెల్లూరు తీరంలోని శ్రీహరికోట నుంచి తొలిసారిగా రాకెట్లు ఆకాశంలోకి లేచాయి. అవి నేటి భారీ రాకెట్ల వంటివి కావు. రోహిణి–125 అనే చిన్న రాకెట్లు. వాటి వ్యాసం 125 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే ఒక జానెడు కూడా లేదన్నమాట! అటువంటి రాకెట్ బొమ్మను ఎప్పుడైనా చూస్తే ఒక సంగతి గమనించండి. దాని రెక్కలు తోక దగ్గర ఉంటాయి. బాణానికి కూడా ఈకలను వెనక వైపే కడతారు. ఎందుకు?

గాలిలో దూసుకుపోతున్న బాణం ఏదో కారణం చేత కాస్త పక్కకు తిరిగిందనుకోండి. వెంటనే వెనక ఉన్న ఈకలకు గాలి పక్కనుంచి తగులుతుంది. ఆ గాలి తోకను మళ్ళీ దాని చోటికి నెడుతుంది. ముక్కు దారిలోకి వస్తుంది. ఈకలు ఊడిపోయిన బాణానికి ఈ సాయం ఉండదు. అది గిరగిరా తిరిగి ఎక్కడో పడుతుంది.

నేల మీద పరుగెత్తే కారుకు కూడా ఇలాంటి ‘ఈకలు’ ఉన్నాయంటే మీరు నమ్ముతారా? అవే దాని వెనక టైర్లు! వెనక టైర్లు నేలను గట్టిగా పట్టుకొని ఉన్నంతసేపు కారు ముక్కు ముందుకే ఉంటుంది. మలుపులో ఆ పట్టు సడలిందా, కారు తోక బయటికి విసురుకుపోతుంది. డ్రైవరు తిప్పినదానికన్నా కారు ఎక్కువ తిరుగుతుంది. దీనినే మోటారు ఇంజనీర్లు ‘ఓవర్‌స్టీర్’ అంటారు. దీనికి విరుద్ధంగా ముందు టైర్ల పట్టు సడలితే, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు తిరగక, నేరుగా బయటికి పోతుంది. అది ‘అండర్‌స్టీర్’.

ఈ తోక విసురుడును తగ్గించడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మనకు ఒక వింత విషయం తెలుస్తుంది. వెనక భాగం బలహీనంగా ఉందని దానిని ఇంకా బిగిస్తే జబ్బు ముదురుతుంది. దానిని కొంచెం వదులు చేసి, ముందు భాగాన్ని బిగిస్తే జబ్బు నయమవుతుంది!

విమానాల బాట మీద కార్ల పందెం

శ్రీహరికోటకు దారి తీసే సూళ్ళూరుపేట నుంచి జాతీయ రహదారి మీద దక్షిణంగా తడ దాటి, సుమారు గంటసేపు ప్రయాణం చేస్తే షోలవరం అనే ఊరు వస్తుంది. చెన్నై నగరానికి కాస్త ఇవతల ఉన్న ఈ ఊరిలో రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం ఒక రన్‌వే నిర్మించారు. యుద్ధం ముగిసింది. విమానాల అవసరం తీరింది. కాని ఆ చదునైన బాట మాత్రం మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు దాని మీద పందేలు జరపసాగారు. 1980 దశాబ్దం చివరిదాకా షోలవరం పేరు చెబితే మన దేశంలో కార్ల పందేల అభిమానులకు ప్రాణం లేచివచ్చేది. ఆ తరువాత క్లబ్ వారు శ్రీపెరంబుదూరు దగ్గర, ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. అది 1990లో ప్రారంభమైంది.

షోలవరంలో పరుగెత్తిన కార్లు చాలా వరకు మన వీధుల్లో తిరిగిన కార్లే. ఫియట్, అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్! సంసారాలను మోసే కార్లను పందేనికి తయారు చేయాలంటే ఇంజనుకు బలం పెంచితే చాలదు. మలుపులో నిలబడేటట్టు దాని స్ప్రింగులను, టైర్లను సరిచేయాలి. అక్కడే అసలు నేర్పు ఉంది.

ఆ నేర్పుకు మంచి పరీక్ష ‘ఆటోక్రాస్’ అనే పోటీ. ఒక విశాలమైన మైదానంలో, పాత రన్‌వే మీద, లేదా ఖాళీగా ఉన్న కార్ల పార్కింగు స్థలంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, మెలికలు తిరిగే దారిని గుర్తిస్తారు. కార్లు ఒకదానితో ఒకటి పోటీపడి పరుగెత్తవు. ఒక్కొక్కటిగా వెళ్ళాలి. పోటీ గడియారంతోనే. అమెరికాలో తారు లేక కాంక్రీటు నేల మీద, బ్రిటన్‌లో గడ్డి మైదానాల్లో, మన దేశంలో ఎక్కువగా మట్టి నేల మీద ఈ పోటీలు జరుగుతాయి. అమెరికా నియమాల ప్రకారం ఒక కోన్‌ను పడగొడితే రెండు సెకన్లు శిక్షగా కలుపుతారు. సెకనులో పదో వంతు తేడాతో గెలుపోటములు తేలే పోటీలో రెండు సెకన్లంటే మాటలా!

ఈ పోటీలో పొడవైన సూటి దారులు ఉండవు. అన్నీ మలుపులే. కుడికి తిరిగిన కారు ఊపిరి పీల్చుకోకముందే ఎడమకు తిరగాలి. అందుచేత తోక విసిరే జబ్బు ఉన్న కారు ఇక్కడ వెంటనే బయటపడుతుంది.

రబ్బరు చేసే చమత్కారం

మలుపు తిరిగే ప్రతి వస్తువునూ ఏదో ఒక బలం వృత్త కేంద్రం వైపు లాగుతూ ఉండాలని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు. దానిని అభికేంద్ర బలం అంటారు. దారానికి కట్టి తిప్పే రాయి విషయంలో ఆ బలం దారం నుంచి వస్తుంది. కారుకు దారం లేదు కదా! నేలకూ టైరుకూ మధ్య ఉన్న ఘర్షణే దారం. కారు వేగం రెట్టింపు అయితే కావలసిన బలం నాలుగింతలు అవుతుంది. ఒక్కొక్క టైరు నేలను తాకేది సుమారు మన అరచేయి అంత మేర మాత్రమే. కారులో కూర్చున్న వారందరి క్షేమం ఆ నాలుగు అరచేతుల మీద ఆధారపడి ఉంది.

మీ పెన్సిల్ రబ్బరును బల్లమీద నిలువుగా అదిమి, పక్కకు నెట్టి చూడండి. అది వెంటనే జారదు. ముందు ఒంగుతుంది. ఒంగి, పట్టుకొని, ఇక తాళలేనప్పుడు జారుతుంది. టైరు కూడా ఇంతే. మలుపులో టైరు రబ్బరు కొంచెం మెలితిరుగుతుంది. అందువల్ల చక్రం చూసే దిక్కుకూ, అది నిజంగా వెళ్ళే దిక్కుకూ మధ్య ఒక చిన్న కోణం ఏర్పడుతుంది. దీనిని జారుడు కోణం అనవచ్చు. ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ బ్రూలియే 1925లోనే ఈ సంగతిని వివరించాడు. రోల్స్ రాయిస్‌లో పనిచేసి 1930లో అమెరికాలోని జనరల్ మోటార్స్‌లో చేరిన మారిస్ ఆలీ అనే బ్రిటిష్ ఇంజనీరు, కారు నడకను ఈ కోణాల సాయంతో లోతుగా పరిశోధించాడు.

ముందు టైర్ల జారుడు కోణం ఎక్కువైతే అండర్‌స్టీర్. వెనక టైర్లది ఎక్కువైతే ఓవర్‌స్టీర్. ఇంతే సూత్రం. అయితే ఈ రెండింటిలో రెండవది ప్రమాదకరం. కారణం చూడండి. తోక బయటికి జరిగితే కారు మొగం మరింత లోపలికి తిరుగుతుంది. మలుపు ఇంకా బిగుసుకుంటుంది. బిగుసుకున్న మలుపుకు మరింత అభికేంద్ర బలం కావాలి. ఇప్పటికే అలసిపోయిన వెనక టైర్లు ఆ బలాన్ని ఇవ్వలేవు. తోక ఇంకా జరుగుతుంది. ఇలా జబ్బు తనను తానే పెంచుకుంటూ పోతుంది. డ్రైవరు క్షణంలో స్టీరింగ్‌ను ఎదురు దిక్కుకు తిప్పి సరిచేయకపోతే కారు బొంగరమే!

మీరే చేసి చూడండి

దీనిని అర్థం చేసుకోవడానికి నిజమైన కారు అక్కరలేదు. చక్రాలు తేలికగా తిరిగే ఒక బొమ్మ కారు, నున్నని పలక ఒకటి చాలు.

పలక ఒక అంచు కింద పుస్తకాలు పెట్టి ఏటవాలుగా ఉంచండి. బొమ్మ కారు ముందు చక్రాలు తిరగకుండా గమ్ము టేపు అంటించండి. ముక్కు కిందికి ఉండేటట్టు పెట్టి వదలండి. కారు జారుతూ, సూటిగానే కిందికి వస్తుంది.

ఇప్పుడు టేపు తీసి వెనక చక్రాలకు అంటించండి. మళ్ళీ వదలండి. ఏం జరిగింది? కారు కొంచెం దూరం రాగానే వెనక్కు తిరిగి, తోక ముందు పెట్టి దిగివస్తుంది!

తిరిగే చక్రం పక్కకు జారడానికి ఒప్పుకోదు. తిరగకుండా బిగుసుకొని జారే చక్రానికి ముందు, పక్క అనే తేడా లేదు. అది ఎటు తోస్తే అటు పోతుంది. వెనక చక్రాలు అలా జారినప్పుడు బాణానికి ఈకలు ఊడినట్టే. పక్కపట్టు ఉన్న చక్రాలు ఎప్పుడూ వెనక ఉండాలని చూస్తాయి. వానలో సైకిలు తొక్కేవారు, మోటారు నడిపేవారు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి.

మలుపులో బరువు ఎటు పోతుంది?

బస్సు వేగంగా మలుపు తిరిగినప్పుడు మీరు బయటి వైపుకు ఒరిగిపోతారు. బస్సు కూడా అటే ఒరుగుతుంది. అప్పుడు లోపలి చక్రాల మీద బరువు తగ్గి, బయటి చక్రాల మీద బరువు పెరుగుతుంది. ఎంత బరువు మారుతుంది? లెక్క వేద్దాం.

ఒక కారు బరువు 1000 కిలోలు అనుకుందాం. దాని గురుత్వ కేంద్రం నేలనుంచి అర మీటరు ఎత్తున ఉంది. కుడి ఎడమ చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లు. కారు గురుత్వ త్వరణంలో మూడు వంతులకు, అంటే 0.75కు, సమానమైన త్వరణంతో మలుపు తిరుగుతోంది. అప్పుడు మారే బరువు 1000 × 0.75 × 0.5 ÷ 1.5. అంటే 250 కిలోలు!

ఈ లెక్కలో స్ప్రింగు మాటే లేదని గమనించారా? నిజమే. స్ప్రింగులను ఎంత బిగించినా ఈ 250 కిలోలు మారక తప్పదు. దీనిని తగ్గించాలంటే కారు ఎత్తును తగ్గించాలి, లేదా వెడల్పు పెంచాలి. పందెపు కార్లు నేలకు కరుచుకొని, వెడల్పుగా ఉండేది అందుకే.

మరి స్ప్రింగులు చేసేదేమిటి? మారే బరువులో ముందు చక్రాల జత వాటా ఎంత, వెనక జత వాటా ఎంత అన్నది అవే నిర్ణయిస్తాయి. ఇద్దరు మనుషులు ఒక బరువైన బీరువాను మోస్తున్నారనుకోండి. అది ఒక పక్కకు ఒరిగితే, బిగపట్టి నిలబడినవాని మీద ఎక్కువ భారం పడుతుంది. ఒళ్ళు వదిలినవాని మీద తక్కువ పడుతుంది. కారులోనూ బిగువుగా ఉన్న వైపే ఎక్కువ వాటా మోస్తుంది.

ఎవరు మోస్తే ఏమిటి అంటారా? ఇక్కడే టైరు గుణం ఒకటి తెలుసుకోవాలి. బరువు పెరిగితే టైరు పట్టు పెరుగుతుంది. కాని బరువు పెరిగినంతగా పెరగదు. రెండింతల బరువుకు రెండింతల పట్టు రాదు. ఒక కూలి 50 కిలోల మూటతో పది నడకలు నడవగలిగితే, 100 కిలోల మూటతో అన్ని నడవగలడా?

తేలికగా అర్థం కావడానికి కొన్ని ఊహాసంఖ్యలు తీసుకుందాం. మన కారులో ఒక్కొక్క టైరు మీద 250 కిలోలు ఉన్నాయి. టైరు మీద బరువు, అది ఇచ్చే పక్కపట్టు ఇలా ఉన్నాయనుకోండి:

75 కిలోలకు పట్టు 65
125 కిలోలకు పట్టు 106
175 కిలోలకు పట్టు 145
325 కిలోలకు పట్టు 250
375 కిలోలకు పట్టు 281
425 కిలోలకు పట్టు 310

మన మలుపులో ముందు జతకు 375, వెనక జతకు 375 పట్టు కావాలి. ఇప్పుడు వెనక స్ప్రింగులు బాగా బిగువుగా ఉన్నాయి. మారే 250 కిలోలలో వెనక జత 175, ముందు జత 75 మోస్తున్నాయి. వెనక బయటి టైరు మీద 425, లోపలి టైరు మీద 75 కిలోలు. వాటి పట్టు 310 + 65 = 375. సరిగ్గా అంచున ఉన్నాయి! ముందు టైర్ల మీద 325, 175. వాటి పట్టు 250 + 145 = 395. ముందు ఇంకా 20 మిగులు ఉండగానే వెనక ఖాళీ అయింది. ఇసుక రేణువు అడ్డు వచ్చినా తోక జారుతుంది.

ఇప్పుడు వెనక స్ప్రింగులు కొంచెం వదులు చేసి, ముందువి బిగించి వాటాలు సమానం చేద్దాం. రెండు జతలకూ చెరి 125. టైర్ల మీద 375, 125. పట్టు 281 + 106 = 387. రెండు వైపులా 12 చొప్పున మిగులు! కొత్త టైర్లు కొనలేదు. ఇంజను మార్చలేదు. భారం పంచుకున్నాయి, అంతే. అదే కారు ఇంకా కాస్త వేగంగా, ఇంకా క్షేమంగా మలుపు తిరుగుతుంది.

చికిత్స వరుస

మంచి వైద్యుడు ముందు చిన్న మందు ఇస్తాడు. తోక విసిరే కారుకు చికిత్స కూడా అలాగే మొదలవుతుంది.

మొదటిది టైర్లలో గాలి. దీనికి ఖర్చు లేదు. ఆటోక్రాస్ పోటీదారులు టైరు అంచు మీద సుద్దముక్కతో గీత గీస్తారు. ఒక చుట్టు తిరిగి వచ్చాక చూస్తారు. గీత చాలా వరకు చెరిగిపోతే టైరు మరీ పక్కకు ఒరిగిపోతోందని, గాలి తక్కువని అర్థం. గీత కొంచెం కూడా చెరగకపోతే గాలి ఎక్కువ అయి, టైరు అంచు పని చేయడం లేదని అర్థం. సుద్దముక్క చెప్పే సాక్ష్యం చూసి ముందు వెనకల గాలి సరిచేస్తారు.

రెండవది ‘యాంటీ–రోల్ బార్’. ఇది కుడి ఎడమ చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ. రెండు చక్రాలూ ఒకేసారి గతుకు ఎక్కితే ఇది ఊరకుంటుంది. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోతే మాత్రం ఇది మెలిపడి ఎదురు తిరుగుతుంది. అంటే కారు పక్కకు ఒరగడాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. తోక విసిరే కారుకు వెనక బార్‌ను సన్నది చేస్తారు, లేదా ముందు బార్‌ను లావుది చేస్తారు. లావు కొద్దిగా మారినా ఫలితం చాలా మారుతుంది. కడ్డీ మెలిబిగువు దాని వ్యాసానికి నాలుగవ ఘాతంగా పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 మిల్లీమీటర్లది వేస్తే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. మీరే లెక్కకట్టి చూడండి.

మూడవది స్ప్రింగులు. వెనక మెత్తనివి, ముందు గట్టివి. ఇది ఖర్చుతో, శ్రమతో కూడిన పని.

నాలుగవది షాక్ అబ్సార్బర్లు. ఇవి బరువు ఎంత మారాలో చెప్పవు. ఎంత త్వరగా మారాలో చెబుతాయి. కోన్ల మధ్య కుడి ఎడమలుగా మెలికలు తిరిగేటప్పుడు వీటి పని కీలకం.

ఐదవది చక్రాల అమరిక. వెనక చక్రాలను పైనుంచి చూస్తే వాటి ముందు అంచులు రవంత లోపలికి చూస్తూ ఉండేటట్టు అమరిస్తే, తోకకు నిలకడ వస్తుంది.

ఈ ఐదింటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చినది పుస్తకంలో రాయాలి. మళ్ళీ అదే దారిలో నడిపి, గడియారం చూడాలి. గాలి, బార్, స్ప్రింగు అన్నీ ఒకేసారి మార్చి, కారు బాగుపడితే ఏ మందు పనిచేసిందో ఎవరు చెప్పగలరు? మీ ప్రయోగశాలలో పాటించే పద్ధతి ఇదే కదా!

మందు ఎక్కువైనా కష్టమే. ముందు భాగాన్ని మరీ బిగిస్తే కారు మలుపే తిరగనంటుంది. ముందు చక్రాలతో నడిచే కార్లకు సాధారణంగా ముక్కు బరువు ఎక్కువ. 1983లో వచ్చిన మారుతీ 800 అలాంటిదే. వాటికి ఉండే జబ్బు అండర్‌స్టీర్. అందుకే అటువంటి కార్లను పందేనికి సిద్ధం చేసేవారు మందును తిరగేసి వాడతారు. వెనక భాగాన్ని బిగిస్తారు. మలుపులో వాటి వెనక లోపలి చక్రం కుక్క కాలెత్తినట్టు గాలిలోకి లేస్తుంది!

హెరాల్డ్ కథ

ఇప్పుడు మనకు బాగా దగ్గరి ఉదాహరణ చూద్దాం. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ కంపెనీ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ కారును తయారు చేసింది. ఇది ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు మన దేశపు రూపం. ముందు చక్రాలు ఎంతగా తిరిగేవంటే, ఈ కారు 25 అడుగుల వ్యాసంగల వృత్తంలో చుట్టు తిరిగి రాగలిగేది. కోన్ల మధ్య మెలికలు తిరగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాని దీనికి వెనక ఒక చిక్కు ఉంది. ఇరుసు ఒకే కడ్డీ కాదు, రెండు ముక్కలు. కారు నడుమ కీలు దగ్గర నుంచి కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, రెక్కల్లాగా పైకీ కిందికీ ఊగుతాయి. రెండింటి మీదా అడ్డంగా ఒకే కమాను కట్ట. గతుకుల మీద ఇది హాయిగానే ఉంటుంది. కాని మలుపులో మరీ వేగంగా పోతే, బయటి చక్రం అడుగు లోపలికి మడుచుకుపోతుంది. కారు వెనక భాగం పైకి లేస్తుంది. టైరు నేల మీద అంచుతో మాత్రమే నిలబడుతుంది. పట్టు ఒక్కసారిగా పోతుంది. తోక విసురుతుంది.

ఇదే అమరికతో ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని జబ్బును 1970లో ఇంజనీర్లు ఎలా నయం చేశారో చూడండి. వెనక కమాను కట్టలోని పట్టీలలో చాలా వాటిని నడుమ బిగించకుండా, తూగుడు బల్ల లాగా ఊగేటట్టు వదిలేశారు. దానితో కారు ఒరిగేటప్పుడు వెనక బిగువు తగ్గింది. ఆ లోటు తీర్చడానికి ముందు యాంటీ–రోల్ బార్‌ను లావు చేశారు. మనం లెక్కలో చూసిన మందే! మన దేశంలో స్టాండర్డ్ కంపెనీ వేరే దారి తొక్కింది. 1972లో హెరాల్డ్ స్థానంలో గెజెల్ అనే కారు తెచ్చినప్పుడు, ఊగే ఇరుసులు తీసేసి ఒకే ముక్క ఇరుసు వేసింది.

పందెం నుంచి ప్రాణరక్షణకు

ఈ సంగతి పందేలకే పరిమితం కాదు. 1960లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే కోర్వేర్ అనే కారు వచ్చింది. ఇంజను వెనక, ఊగే ఇరుసులు వెనక. ముందు యాంటీ–రోల్ బార్ వేయలేదు. నిలకడ కోసం ముందు టైర్లలో చదరపు అంగుళానికి 15 పౌన్లు, వెనక టైర్లలో 26 పౌన్ల గాలి ఉంచమన్నారు. కాని మామూలు జనం నాలుగు టైర్లలోనూ సమానంగా గాలి కొట్టిస్తే? ఆ జాగ్రత్త అంతా గాలికి పోయినట్టే.

1964 కారులో కంపెనీ ముందు బార్‌ను, వెనక అడ్డ కమానును చేర్చింది. 1965లో వెనక అమరిక మొత్తాన్ని మార్చింది. ఆ ఏడాదే రాల్ఫ్ నేడర్ అనే న్యాయవాది కార్ల భద్రతను గురించి రాసిన పుస్తకం సంచలనం కలిగించింది. దాని మొదటి అధ్యాయం కోర్వేర్ గురించే. 1966లో అమెరికా ప్రభుత్వం వాహనాల భద్రతకు చట్టం చేసింది. పాత కోర్వేర్ నడక ఆనాటి మిగతా కార్లకన్నా తీసిపోలేదని 1972లో ప్రభుత్వ పరీక్షల నివేదిక తెలిపింది. ఏమైనా ఒక ఉక్కు కడ్డీ ఉండడం, లేకపోవడం ప్రజల ప్రాణాలకు సంబంధించిన విషయమని లోకం గ్రహించింది.

1995లో జర్మనీలో బాష్, మెర్సిడెస్ కంపెనీలు కలిసి ఒక ఎలక్ట్రానిక్ కాపలాదారును తెచ్చాయి. తోక విసరడం మొదలవగానే అది గ్రహించి, బయటి ముందు చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, కారును దారిలోకి తిప్పుతుంది. కాని ఆ యంత్రం కూడా టైరుకు లేని పట్టును పుట్టించలేదు. ఉన్న పట్టును సరిగా వాడుకుంటుంది, అంతే.

మన దక్షిణ దేశంలో ఈ విద్యకు ఊపు తెచ్చిన వారిలో కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ ఒకరు. తక్కువ ఖర్చుతో మారుతీ ఇంజను పెట్టి ఆయన పందెపు కార్లు తయారు చేయించారు. 1995లో ఆయన మరణించారు. ఆయన పేరుతో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2005లో ఫార్ములా వన్ పందేలలో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా మొదట్లో మారుతీ ఇంజను కార్లలోనే చేయి తిరిగినవాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పందెం జరిగింది. పెట్రోలు పోయి విద్యుత్తు వచ్చినా మలుపులో టైరు సూత్రం మాత్రం మారలేదు.

ఒక హెచ్చరిక. ఇవన్నీ జనం లేని మైదానంలో, హెల్మెట్ పెట్టుకొని, పెద్దల పర్యవేక్షణలో జరిగే పోటీలు. రోడ్డు మీద ఎవరూ వీటిని ప్రయత్నించకూడదు. నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. సముద్రానికి దగ్గరి దారుల్లో గాలికి కొట్టుకువచ్చిన ఇసుక. తడి, ఇసుక రెండూ టైరు పట్టును దొంగిలిస్తాయి. అక్కడ పనికివచ్చే చికిత్స ఒక్కటే. మలుపుకు ముందే వేగం తగ్గించడం.

ఈసారి మెకానిక్ షెడ్డు వైపు వెళ్ళినప్పుడు, జాకీ మీద లేపిన కారును దూరంగా నిలబడి చూడండి. స్ప్రింగు ఏది, షాక్ అబ్సార్బర్ ఏది, యాంటీ–రోల్ బార్ ఏది అని మెకానిక్‌ను అడగండి. సంతోషంగా చూపిస్తాడు.

ఆలోచించండి

1. లారీ పైన ఎత్తుగా గడ్డి వేస్తే మలుపులో ఎందుకు ప్రమాదం? మన లెక్కలో ఏ సంఖ్య మారుతుంది?

2. కారు డిక్కీలో బరువైన బియ్యం బస్తాలు వేస్తే వెనక టైర్ల పట్టు పెరుగుతుందా? మరి తోక విసిరే గుణం తగ్గుతుందా, పెరుగుతుందా? మలుపులో ఆ బస్తాలను కూడా లోపలికి లాగవలసింది ఎవరో గుర్తుంచుకోండి.

3. బొమ్మ కారు ప్రయోగంలో నాలుగు చక్రాలకూ టేపు అంటిస్తే ఏం జరుగుతుంది? ముందు ఊహించి రాయండి. తరువాత చేసి చూడండి.